ఈ కార్డుకు మాత్రలిస్తరా బిడ్డా?

వృద్ధుల ఆరోగ్య బీమా: పామేడు వైపు నుంచి చూస్తే

(ఫూలే, అంబేద్కర్ జయంతుల సందర్భంగా విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన దాన్ని స్వల్పంగా సవరించాను.)



ఈ నెలలో మనం చాలా సభలకు వెళ్తాం, చాలా దండలు వేస్తాం. అందుకే ఒక ఏప్రిల్ 14 గురించి చెప్పి మొదలుపెడతాను. 2018 ఏప్రిల్ 14న ప్రధానమంత్రి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు వచ్చారు. హైవే పక్కన ఉన్న జాంగ్లా అనే ఊర్లో దేశంలోనే మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రారంభించారు. ఒక ఆదివాసీ మహిళకు ఆయన చెప్పులు తొడిగిన ఫొటో మర్నాడు పత్రికల్లో చూసే ఉంటారు. ఆయుష్మాన్ భారత్ మొదలైంది అక్కడే, బాబాసాహెబ్ పుట్టినరోజున, ఆదివాసులు అత్యధికంగా ఉండే జిల్లాలో. మనలో చాలామందికి ఈ సంగతి గుర్తులేదు. ఆయుష్మాన్ భారత్ అనగానే మనకు గుర్తొచ్చేది ఐదు లక్షల కార్డు. ఆ కార్డు తర్వాత వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 23న, రాంచీలో.

అదే బీజాపూర్ జిల్లాకు దక్షిణం కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని పామేడు ఉంది. 1983లో ప్రకటించిన అడవి దున్నల అభయారణ్యం పేరుగా కొందరు వినుంటారు. వార్తల్లో ఎక్కువగా వినిపించేది ఎన్‌కౌంటర్లు, క్యాంపుల సందర్భంలోనే. మొన్నమొన్నటిదాకా పామేడు నుంచి సొంత జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే తెలంగాణలోకి దిగి, చర్ల మీదుగా 200 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాల్సి వచ్చేది. ఈమధ్యే లోపలి నుంచి రోడ్డు పడింది. అక్కడి కోయలకు, దొర్లలకు సంత చర్ల, కూలి చర్ల, ఆసుపత్రి చర్ల, పెద్ద జబ్బైతే భద్రాచలం. ఇంట్లో తమ భాష, బజారులో తెలుగు. ఫారాలు మాత్రం హిందీలో వస్తాయి.

పోయిన ఏడాది మిర్చి కోతలప్పుడు చర్ల వైపు ఒక చేను గట్టు మీద ఒక అవ్వను కలిశాను. కూతురు, అల్లుడు కాయలు ఏరుతున్నారు. ఈమె టార్పాలిన్ నీడన కూర్చుని చీర ఉయ్యాలలో మనవడిని ఊపుతోంది. పామేడు అవతల ఊరు. బీపీ ఉందని ఆర్ఎంపీ చెప్పాడట. మాత్రలు కొనుక్కుంటోంది, డబ్బులున్నప్పుడు మింగుతోంది, లేనప్పుడు మానేస్తోంది. నేను చదువుకునేది ఆరోగ్య పథకాల గురించని తెలిసి, ప్లాస్టిక్ కవరులోంచి లామినేషన్ చేసిన కార్డు తీసి నా చేతిలో పెట్టింది. ఆయుష్మాన్ కార్డు. "ఈ కార్డుకు మాత్రలిస్తరా బిడ్డా?" అని అడిగింది.

ఇవ్వరు అవ్వా అని చెప్పాను. నేను చెప్పింది పథకం ప్రకారం సరైన జవాబే. కానీ ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ముందు పథకం ఏమిటో సరిగ్గా తెలుసుకుందాం. దీన్ని తిట్టేవాళ్ళలోనూ, పొగిడేవాళ్ళలోనూ సగం మంది చదవకుండానే మాట్లాడతారు.

2008లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మొదలైంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబంలో ఐదుగురికి కలిపి ఏడాదికి 30,000 రూపాయలు. ఐదుగురే కాబట్టి ఆరో మనిషిని వదలాలి. ఇంట్లో ఎవరిని వదులుతారో ఊహించండి. అంతకు ముందే, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మన తెలుగు వాళ్ళకు బీమా అంటే ఆరోగ్యశ్రీయే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం సోషియాలజీ ఆచార్యులు ఎన్. పురేంద్ర ప్రసాద్, పి. రాఘవేంద్రతో కలిసి 2012లో ఇపిడబ్ల్యూలో రాసిన వ్యాసం ఈ నమూనాపై అప్పట్లోనే గట్టి విమర్శ పెట్టింది. ఈ రంగంలో పరిశోధన చేసేవాళ్ళు దాన్ని తప్పకుండా చదవాలి. 2018లో పీఎం-జేఏవై వచ్చి ఆర్ఎస్‌బీవైని తనలో కలుపుకుంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, కుటుంబ సంఖ్యకు పరిమితి లేదు, వయసుకు పరిమితి లేదు. 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన ఆధారంగా 10.74 కోట్ల కుటుంబాలను ఎంచుకున్నారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడం గ్రామీణ అర్హతల్లో ఒకటి.

ఇక వృద్ధుల సంగతి. 2024 సెప్టెంబరు 11న కేంద్ర క్యాబినెట్ నిర్ణయించింది, అక్టోబరు 29న ప్రధాని ప్రారంభించారు. 70 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు. 4.5 కోట్ల కుటుంబాల్లో 6 కోట్ల మంది వృద్ధులకు అందుతుందని ప్రభుత్వ లెక్క. కుటుంబానికి అప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉంటే, 70 నిండిన వారికి విడిగా మరో 5 లక్షలు. అందులోంచి చిన్నవాళ్ళు వాడుకోలేరు. కార్డు లేని కుటుంబమైతే ఇంట్లోని 70 దాటిన వాళ్ళందరికీ కలిపి 5 లక్షలు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ లాంటి వాటిలో ఉన్నవాళ్ళు ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు, ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళు రెండూ ఉంచుకోవచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, వేచి ఉండే కాలం లేదు. ప్రైవేటు పాలసీలతో పోల్చితే ఇది చిన్న విషయం కాదు. పాత ఆయుష్మాన్ కార్డు ఉన్నా దీనికి మళ్ళీ నమోదు కావాలి, ఆధార్ ఈకేవైసీ చేయించాలి.

ఏమేం వస్తాయి? ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు, చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులు, పరీక్షలు. గుండె ఆపరేషన్, తుంటి ఎముక, డయాలసిస్, క్యాన్సర్, శుక్లాలు, అన్నీ ప్యాకేజీల జాబితాలో ఉన్నాయి. ఓపీ లేదు. రోజూ వేసుకునే మాత్ర లేదు.

ముసలితనంలో జబ్బులు ఎలా ఉంటాయో ప్రభుత్వమే లెక్క తీసింది. 2017-18లో జరిగిన లాసీ సర్వే ప్రకారం 60 దాటిన వాళ్ళలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది. డాక్టరు బీపీ ఉందని చెప్పినవాళ్ళే సుమారు 32 శాతం, షుగర్ సుమారు 14 శాతం. డాక్టరు దగ్గరికే వెళ్ళనివాళ్ళు ఈ లెక్కలో లేరు. బీపీకి రోజుకో మాత్ర వేసుకుంటే గడిచిపోతుంది. వేసుకోకపోతే ఏదో ఒకరోజు పక్షవాతమో, గుండెపోటో. అప్పుడు కార్డు పని చేస్తుంది. రోజూ వేసుకోవాల్సిన మాత్రకు డబ్బు ఇవ్వని పథకం, ఆ మాత్ర లేక కుప్పకూలిన మనిషికి లక్షలు ఇస్తుంది. ఆ లక్షలు ఆమె చేతికి రావు, ఆసుపత్రికి వెళ్తాయి. దీన్ని బీమా సూత్రం అంటారు. నాకైతే ఇందులో సూత్రం కంటే ఆసుపత్రుల మార్కెట్ ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ అవ్వకు కార్డు ఉంది. ఆమె కుటుంబం ఐదు లక్షల కవరేజీలో ఉంది. కాబట్టి "ఆదివాసులను పథకంలోంచి తీసేశారు" అని నేను అనను. మరి 70 ఏళ్ళ పథకంలో కొత్తగా వచ్చిందెవరు? పేద కుటుంబాల వృద్ధులు కాగితం మీద ముందే ఉన్నారు, వాళ్ళకు అదనపు మొత్తం వచ్చింది. కొత్తగా లోపలికి వచ్చినవాళ్ళలో పేదల జాబితాల్లో ఎప్పుడూ లేని వృద్ధులు చాలామంది. రిటైరైన ఉద్యోగులు, వ్యాపారులు, పట్టణ మధ్యతరగతి. వాళ్ళకు ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. వైద్యం పేదరికపు సర్టిఫికెట్ చూపించి అడుక్కోవాల్సింది కాకూడదు. పైగా 2011 జాబితాలోంచి జారిపోయిన దళిత బహుజన కుటుంబాలు కూడా ఈ దారిన లోపలికి వస్తాయి. నా అభ్యంతరం వేరే. కులం అడగకుండా, ఆదాయం అడగకుండా అందరికీ ఇస్తామన్నవాళ్ళు ఒక్కటి మాత్రం అడిగారు. వయసు.

డెబ్బై ఎందుకు? ఈ దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 నిండితే సీనియర్ సిటిజన్ అంటుంది. కేంద్ర వృద్ధాప్య పింఛను 60కి వస్తుంది. దానిలో కేంద్రం ఇచ్చేది ఇప్పటికీ నెలకు 200 రూపాయలే, అది వేరే కథ. ఆరోగ్య బీమాకు మాత్రం పదేళ్ళు పెంచారు. ఖర్చు అదుపు కోసం అని ఎవరైనా చెప్పగలరు. సరే. కానీ ఆ పదేళ్ళలో పోయేదెవరు?

2022లో పీఎన్ఏఎస్ పత్రికలో సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా రాసిన పరిశోధన వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వే సమాచారం తీసుకున్నారు. అగ్రకుల హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం 4 ఏళ్ళకు పైగా తక్కువ, దళితులది 3 ఏళ్ళకు పైగా తక్కువ, ముస్లింలది సుమారు ఒక ఏడాది తక్కువ. ఆర్థిక స్థితిలోని తేడా ఈ అంతరంలో సగం కూడా వివరించలేకపోయింది. అంటే, పేదరికం వల్ల అని తప్పించుకోవడానికి వీల్లేదు. కులం మనిషి ఆయుష్షులోంచి ఏళ్ళు కోసుకుంటోంది.

పరిశోధక మిత్రులకు చిన్న హెచ్చరిక. మన సభల్లో "దళిత స్త్రీ 14.6 ఏళ్ళు ముందే చనిపోతుంది" అనే అంకె తరచూ వినిపిస్తుంది. 2018 నాటి యూఎన్ విమెన్ నివేదికలోది. అది చనిపోయినవారి సగటు వయసులో తేడా, ఆయుర్దాయంలో తేడా కాదు. జనాభాలో చిన్న వయసువాళ్ళు ఎక్కువుంటే ఆ సగటు తగ్గుతుంది. రెండింటినీ కలిపి వాడితే ఎదుటివాళ్ళు ఆ ఒక్క తప్పు పట్టుకుని మన వాదనంతా కొట్టేస్తారు. 3 ఏళ్ళు, 4 ఏళ్ళు అనే అంకెలే చాలు. అవి గట్టివి.

ఇప్పుడు ఈ హాల్లోని ఫొటోలు చూడండి. బాబాసాహెబ్ 1891లో పుట్టి 1956 డిసెంబరు 6న వెళ్ళిపోయారు. 65 ఏళ్ళు. షుగర్ ఆయన్ని ఏళ్ళ తరబడి పీల్చేసింది. జోతిబా ఫూలే 1888లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాశారు, 63 ఏళ్ళకు పోయారు. సావిత్రీబాయి ప్లేగు రోగులకు సేవ చేస్తూ 66 ఏళ్ళకు. ముగ్గురిలో ఒక్కరికీ వయ వందన కార్డు వచ్చేది కాదు. మీ ఊర్లో, మీ వాడలో గడప గడపకూ లెక్కపెట్టండి. 70 దాటిన మగవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ పక్క అగ్రహారంలో ఎంతమంది? ఎం.ఏ. విద్యార్థి కూడా ఒక వారంలో చేయగల సర్వే ఇది.

ఇది కోరరాని కోరికేమీ కాదు. జార్ఖండ్ ప్రభుత్వం 2024 మొదట్లో దళితులకు, ఆదివాసులకు వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి 50కి తగ్గించింది. ఆదివాసుల్లో మరణాలు ఎక్కువ, 60 దాకా ఎదురుచూడమనడం న్యాయం కాదనే కారణం బహిరంగంగానే చెప్పారు. వయసు గీతను కులాన్ని బట్టి మార్చవచ్చని ఒక రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. పింఛనులో చేయగలిగినప్పుడు బీమాలో ఎందుకు చేయలేరు?

వయసు గీత ఒక సమస్య. ఆ వయసును రుజువు చేసుకోవడం ఇంకొకటి, నా దృష్టిలో ఇంకా చిక్కైనది.

ఆ అవ్వను వయసెంత అని అడిగాను. "ఇందిరమ్మను చంపిన ఏడు నా నాలుగో పిల్ల కడుపుల ఉంది" అంది. మన పల్లెల్లో ఇలాగే లెక్కపెడతారు. 1984. నాలుగో కాన్పు. మొదటిది పద్దెనిమిది ఏళ్ళకు అనుకున్నా, అప్పటికి ఆమెకు ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది ఉండాలి. అంటే డెబ్బైకి దగ్గర పడింది. ఆధార్‌లో ఉన్నది 1963. దాని ప్రకారం ఆమె ఇంకా ఎనిమిదేళ్ళు ఆగాలి. ఆ 1963 ఎవరు రాశారు? శిబిరంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మొహం చూసి రాశాడు.

ఇది అడవికే పరిమితం కాదు. మా నాయనమ్మ ఆధార్‌లో పుట్టిన తేదీ 1 జనవరి 1960. మా పెద్దనాన్న పదో తరగతి సర్టిఫికెట్‌లో 1969. తొమ్మిదేళ్ళకే కన్నదన్నమాట. ఇంట్లో దీని మీద నవ్వుకుంటాం. వయ వందన వచ్చాక నవ్వు తగ్గింది. పెద్దనాన్న సర్టిఫికెట్ కూడా హెడ్మాస్టరు గారి దయే, బడిలో వేసుకునే రోజు ఆయన నోటికొచ్చిన తేదీ. మన పేటల్లో సగం మంది జూన్, జూలై నెలల్లోనే ఎందుకు పుడతారో ఎప్పుడైనా ఆలోచించారా?

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఇవాళ 70 నిండిన ఏ ఒక్కరూ ఆ చట్టం వచ్చాక పుట్టినవాళ్ళు కాదు. అంతకు ముందు పుట్టిన తేదీ కాగితం మీద ఎవరికి ఉంటుంది? జాతకం రాయించుకున్న ఇళ్ళల్లో, బడికి పంపిన ఇళ్ళల్లో, ఉద్యోగం చేసిన ఇళ్ళల్లో. 2011 జనగణనలో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం కూడా లేదు. ఇక 1950ల్లో పుట్టిన ఆడవాళ్ళ సంగతి అడగనక్కర్లేదు.

సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 24న సరోజ్ వర్సెస్ ఇఫ్కో టోకియో కేసులో తీర్పు ఇచ్చింది. రోడ్డు ప్రమాద పరిహారం కేసు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదు, బడి సర్టిఫికెట్ మెరుగైన ఆధారం అని చెప్పింది. ఆధార్ సంస్థ తానే ఒక సర్క్యులర్‌లో ఆ మాట అందని కూడా గుర్తుచేసింది. ఐదు రోజుల తర్వాత, అక్టోబరు 29న, ఆధార్‌లోని వయసు ఒక్కటే ఆధారంగా నడిచే పథకం దేశమంతటా మొదలైంది. వేరే ఏ కాగితమూ అక్కర్లేదు అని గొప్పగా చెప్పారు. సౌకర్యమే, ఆధార్‌లో తేదీ సరిగ్గా ఉన్నవాళ్ళకు. తప్పుగా ఉన్నవాళ్ళు దాన్ని మార్చుకోవాలంటే పత్రం కావాలి. పైగా పుట్టిన తేదీ సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు. పత్రం లేకనే కదా తప్పు పడింది.

గ్రామసభ తీర్మానంతో, పెద్ద బిడ్డ వయసుతో, ఊరివాళ్ళ సాక్ష్యంతో వయసు నిర్ధారించే పద్ధతి పెట్టడం కష్టమేమీ కాదు. అటవీ హక్కుల చట్టం నియమాల్లో ఊరి పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి చోటు ఉంది. భూమికి చెల్లే సాక్ష్యం వయసుకు ఎందుకు చెల్లదో నాకు అర్థం కాదు.

సరే, వయసు సరిపోయింది, కార్డు వచ్చింది అనుకుందాం. ఎక్కడికి వెళ్ళాలి?

కార్డు దేశంలో ఏ ఎంప్యానెల్డ్ ఆసుపత్రిలోనైనా చెల్లుతుందని నిబంధన. తెలంగాణ 2021లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కాబట్టి పామేడు అవ్వ కార్డు భద్రాచలంలోనూ చెల్లాలి. మంచి నిబంధనే. కానీ కౌంటరు దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు, రేషన్ కార్డు అడిగే అలవాటు ఉన్నచోట పక్క రాష్ట్రం కార్డు, హిందీ అక్షరాలు, కోయ మాట్లాడే మనిషి ఉంటే ఏం జరుగుతుందో చూడటానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఒక పూట అక్కడ కూర్చుంటే చాలు. 2005 తర్వాత సల్వాజుడుం దెబ్బకు ఊళ్ళు వదిలి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న వాళ్ళ ముసలివాళ్ళ పరిస్థితి ఇంకా అధ్వానం. వాళ్ళు ఏ రాష్ట్రం మనుషులో రెండు రాష్ట్రాలూ తేల్చవు.

పాత ఆర్ఎస్‌బీవైలో ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ 100 రూపాయలు, ఏడాదికి 1,000 దాకా దారి ఖర్చు ఇచ్చేవారు. చిన్న మొత్తమే. కానీ దారికి డబ్బు కావాలని ఆ పథకం రాసినవాళ్ళకు తెలుసు. పీఎం-జేఏవై ప్రయోజనాల జాబితాలో అది లేదు. మొత్తం 30,000 నుంచి 5 లక్షలకు పెరిగింది, బస్సు చార్జీ మాత్రం పోయింది. ముసలి మనిషి ఒంటరిగా ప్రయాణం చేయలేదు. తోడు వచ్చే కూతురికి ఆ రోజుల కూలి పోతుంది. ఐదు లక్షల కంటే ముందు ఆ ఇంట్లో చర్చకు వచ్చేది ఈ లెక్కే.

పెద్ద ఆసుపత్రులు ఉన్నది రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్‌లలో. ఛత్తీస్‌గఢ్ ఇంటింటి సర్వేల ఆధారంగా సమీర్ గర్గ్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన అధ్యయనం, పీఎం-జేఏవైలో నమోదైన కుటుంబాలకు జేబు ఖర్చు తగ్గలేదని తేల్చింది. దేశవ్యాప్తంగా చూస్తే, 2023లో కాగ్ నివేదిక సుమారు 7.5 లక్షల మంది లబ్ధిదారులు 9999999999 అనే ఒకే ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నారని బయటపెట్టింది. చికిత్సలో చనిపోయినట్టు నమోదైన 88,760 మంది పేర తర్వాత కొత్త చికిత్సల క్లెయిములు చెల్లించారని కూడా. బతికున్న అవ్వ వేలిముద్ర పడక వెనక్కి వస్తుంటే, చనిపోయినవాళ్ళకు చికిత్స నడుస్తోంది.

ప్రైవేటు వాళ్ళు ఎప్పుడు షట్టరు దించుతారో తెలియదు. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ బకాయిల పేరుతో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సంగతి మీకు తెలిసిందే. అలాగని ప్రభుత్వ ఆసుపత్రి అనగానే అంతా బాగుంటుందని చెప్పను. 2024 అక్టోబరులో దంతెవాడ జిల్లా ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో పది మందికి పైగా కళ్ళకు ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్ళను రాయపూర్‌కు తరలించారు. అక్కడి పెద్దాసుపత్రి పేరు డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ స్మారక ఆసుపత్రి. బాబాసాహెబ్ పేరున్న ఆసుపత్రి రాజధానిలో ఉంటుంది. ఆయన పుట్టినరోజున తెరిచిన వెల్‌నెస్ సెంటర్ల పని మాత్రం పల్లెలో 30 దాటిన అందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేసి నెలనెలా ఉచితంగా మాత్రలివ్వడం.

అందుకే ఆ అవ్వ అడిగింది తప్పు ప్రశ్న కాదు. తప్పుగా జవాబు చెప్పింది నేనే. ఆమెకు ఆ మాత్రలు ఆయుష్మాన్ భారత్‌లోనే ఉన్నాయి, ఆమె జిల్లాలోనే మొదలయ్యాయి. అవి కార్డులో లేవు, జాంగ్లా నమూనాలో ఉన్నాయి. ఆ సెంటర్లకు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. మందిరం అన్నాక దేవుడు లోపలుంటాడు, మనం బయట నిలబడతాం. మనవాళ్ళకు అలవాటైన ఏర్పాటే.

బాబాసాహెబ్ బీమా గురించి ఏమన్నారో కూడా చూద్దాం, ఎందుకంటే బీమా అనేదే మనకు పడదని నేను చెబుతున్నట్టు అనుకోవద్దు. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన బీమా రంగం పూర్తిగా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండాలన్నారు. ప్రతి వయోజన పౌరుడూ తన వేతనానికి తగ్గ జీవిత బీమా తీసుకునేలా రాజ్యం చేయాలన్నారు. అది రాజ్యాంగంలోనే ఉండాలని ఆయన ప్రతిపాదన. ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలోనే, 1943లో, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్‌ను నియమించారు. 1944లో నివేదిక వచ్చింది. దాని మీద నిర్మించిన ఈఎస్ఐ చట్టం 1948లో, జగ్జీవన్ రామ్ కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు పాసైంది.

ఈఎస్ఐలో ఏముంది? డిస్పెన్సరీ ఉంది. ఓపీ ఉంది. జబ్బుపడి పనికి వెళ్ళని రోజులకు నగదు ఉంది. ఈఎస్ఐ కార్డుకు మాత్రలిస్తారు! ఈఎస్ఐ ఆసుపత్రుల్లో ఎన్ని లోపాలున్నాయో నాకూ తెలుసు. కానీ 1940ల్లో ఈ దేశంలో ఊహించిన ఆరోగ్య బీమాలో మాత్ర, కూలి, ఆసుపత్రి మూడూ కలిసి ఉన్నాయి. 2018 నాటి బీమాలో ఆసుపత్రి బిల్లు ఒక్కటే మిగిలింది. మిర్చి చేలో జీవితమంతా వంగిన మనిషిని ఈఎస్ఐ చట్టం కార్మికురాలిగా గుర్తించలేదు. ఇప్పుడు ముసలితనంలో ఆమెను పేషెంటుగా గుర్తిస్తామంటున్నారు, అది కూడా మంచం మీద చేర్చుకున్నాకే.

మనం అడగాల్సింది నాకు తోచినంతలో ఇది. ఎస్సీ, ఎస్టీలకు ఈ వయసు గీత 70 కాదు, జార్ఖండ్ పింఛను లాగా 50. అది వెంటనే కుదరదంటే కనీసం చట్టం చెప్పిన 60. ఆధార్ తేదీ తప్పని గ్రామసభ చెబితే ఆ మాటను ఒప్పుకోవాలి. కార్డులో ఓపీ మందులు, తోడు మనిషి దారి ఖర్చు ఉండాలి. భద్రాచలం లాంటి సరిహద్దు ఆసుపత్రుల్లో కోయ వచ్చిన ఉద్యోగి ఒకరు కౌంటరు దగ్గర కూర్చోవాలి. చివరిదానికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక కలెక్టరు ఉత్తర్వు చాలు.

మీరు సెలవులకు ఇళ్ళకు వెళ్తున్నారు కాబట్టి ఒక పని చెప్తాను. ఇంట్లో, వాడలో పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు తీసి చూడండి. జనవరి 1 అని ఉందా, ఏడాది మాత్రమే ఉందా, పెద్ద బిడ్డ వయసుతో సరిపోతుందా రాసుకోండి. 70 నిండినట్టు ఉంటే ఆలస్యం చేయకుండా వయ వందన కార్డు చేయించండి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేయవచ్చు. వేలిముద్ర పడకపోతే ఓటీపీ, కంటిపాప, మొహం గుర్తింపు కూడా ఉన్నాయి, లేదన్నవాళ్ళ మాట నమ్మకండి. 14555కు ఫోన్ చేస్తే దగ్గరలో ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో చెబుతారు. విమర్శ చేస్తున్నాం కదా అని ఉన్నది వదులుకోవద్దు. బీపీ, షుగర్ మాత్రలకు మాత్రం కార్డు పట్టుకుని తిరగకండి. దగ్గరి సబ్ సెంటరుకు వెళ్ళి, నెలకు సరిపడా ఇవ్వమని అడగండి. లేవంటే, లేవని కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చితే మన డిపార్ట్‌మెంట్‌లో రాసే చాలా థీసిస్‌ల కంటే పనికొస్తాయి.

నేను ఈ కోతల్లో మళ్ళీ చర్ల వైపు వెళ్ళాను. ఆ కుటుంబం ఈసారి ఆ చేనుకు రాలేదు. వేరే మేస్త్రీతో వెంకటాపురం వైపు వెళ్ళారని చెప్పారు. అవ్వ వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

ప్రశ్నలుంటే అడగండి. జై భీమ్.